కవిత కూడా ఒక ఉత్తరమే

(నేటి యువతరంలో సంభాషణ సాధనంగా కవిత్వం – ఒక పరిశీలన)



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం తమ్ముళ్లు అడిగారు. పోటీ పరీక్షలకు ఎలా తయారు కావాలో రాద్దామని ముందు అనుకున్నాం. కానీ రెండేళ్ల క్రితం దసరా సెలవులకు ముందు మన హాస్టల్‌లో జరిగిన ఒక సంగతి మమ్మల్ని ఇంకా వదలలేదు. నాలుగు పంక్తుల కవిత ఒకటి మా కళ్ల ముందుకు వచ్చింది. చదివాం, మెచ్చుకున్నాం. అందులో ఉన్న కబురు మాత్రం మాకు అందలేదు. అందుకే ఈ విషయాన్ని ఎంచుకున్నాం.

మేము అంటే రెండో అంతస్తు చివరి గదిలో ఉండే ముగ్గురం. కలం పట్టింది ఎం.ఏ. తెలుగు చదివిన ఒకరే అయినా ఆలోచన ముగ్గురిదీ. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. తప్పులుంటే పెద్దలు సరిదిద్దగలరు.

సంభాషణ అంటే ఏమిటి?

ఒకరి మనసులోని మాట ఇంకొకరికి చేరడమే సంభాషణ. దీనికి ఐదు అంగాలు ఉంటాయని పాఠ్య పుస్తకాలు చెబుతాయి. 1. పంపేవారు. 2. సందేశం. 3. మాధ్యమం. 4. అందుకునేవారు. 5. తిరుగు జవాబు.

మన హాస్టల్ ఉదాహరణే తీసుకుందాం. రాత్రి వంట మాస్టర్ గంట కొడతాడు. ఆయన పంపేవాడు. 'అన్నం అయింది' అన్నది సందేశం. గంట మోత మాధ్యమం. మనం అందుకునేవాళ్లం. పళ్లేలు పట్టుకొని మెట్ల మీద పరుగెత్తడం మన తిరుగు జవాబు. ఎవరూ దిగి రాలేదనుకోండి. గంటైతే మోగింది గాని సంభాషణ జరగలేదు.

ఈ ఐదో అంగాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. కవిత్వం గురించి మాట్లాడేటప్పుడు మొదటి నాలుగింటి గురించే అందరూ చెబుతారు. కవి ఎవరు, వస్తువు ఏమిటి, ఏ పత్రికలో వచ్చింది, ఎంతమంది చదివారు అంటారు. ఐదోదాన్ని మరిచిపోతారు. మేమూ మరిచిపోయాం.

పాట అందుకోవడం

కవిత్వం అంటే పుస్తకాల్లో ఉండేదని హాస్టల్‌కు వచ్చిన కొత్తలో మేమూ అనుకున్నాం. మా ఇళ్లలో పుస్తకాలు లేవు కాబట్టి కవిత్వం కూడా లేదనుకున్నాం. అది పొరపాటని ఎం.ఏ.లో జానపద సాహిత్యం చదివిన తర్వాత తెలిసింది.

మా అమ్మలు నాట్లకు పోతారు. వంగిన నడుము సాయంత్రం దాకా లేవదు. అక్కడ ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగిలినవాళ్లు అందుకుంటారు. అత్తగారి ఆరళ్లు, తాగుబోతు మొగుడు, కూలి తక్కువిచ్చే ఆసామి, పుట్టింటి మీద బెంగ, అన్నీ ఆ పాటలోనే బయటికి వస్తాయి. మామూలుగా చెబితే 'నోరెక్కువ' అంటారు. పాటలో చెబితే ఎవరూ ఏమీ అనలేరు. బతుకమ్మ ఆటలోనూ ఇదే పద్ధతి. ఒకరు చరణం చెబితే చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా పల్లవి కలుపుతారు. ఒంటరిగా పాడే బతుకమ్మ పాట ఎక్కడా ఉండదు.

మన భాషలో 'అందుకోవడం' అన్న మాట చూడండి. ఉత్తరం అందుకోవడం అన్నా అదే మాట, పాట అందుకోవడం అన్నా అదే మాట. చదువు రాని మా అమ్మలకు తిరుగు జవాబు అన్న సిద్ధాంతం తెలియదు. కానీ ఒకామె ఎత్తుకున్న పాటను పొలంలో వదిలేసి పోవడం కూడా వాళ్లకు తెలియదు.

హైదరాబాద్ ముషాయిరాల్లోనూ ఇలాంటి సంప్రదాయమే ఉంది. కవి మొదటి పాదం చదవగానే వినేవాళ్లు దాన్ని తిరిగి పలుకుతారు, మళ్లీ చదవమంటారు. రెండో పాదం ఆ తర్వాతే వస్తుంది. వినేవారి గొంతు కూడా ఆ కవితలో భాగమే.

మన క్యాంపస్ చెప్పే చరిత్ర

ఊరు విడిచి సీతాఫల్‌మండి వచ్చాక మా ప్రపంచం మారింది. ఇక్కడ ఎంఎంటీఎస్ ఎక్కితే ఫలక్‌నుమా వైపు తర్వాతి స్టేషనే ఆర్ట్స్ కాలేజ్. మన గదుల్లోకి వినిపించే ఆ రైలు కూతతోనే చాలామందికి తెల్లవారుతుంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాటకూ కవితకూ పెద్ద చరిత్రే ఉంది.

1938లో ఇక్కడి హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. అధికారులు నిషేధించారు. పాడక మానమన్న విద్యార్థులను బహిష్కరించారు. వారిలో చాలామంది నాగపూర్ విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించారు. తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. ఒక్క పాట కోసం వందల మైళ్లు పోయి చదువుకున్నారంటే, ఆ పాట ద్వారా వారు ఒకరికొకరు చెప్పుకున్న మాట ఎంత బలమైనదో ఊహించవచ్చు.

1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి వేళ నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వారి కవిత్వం మీద ఎన్ని విమర్శలైనా ఉండవచ్చు. కానీ 'ఇది ఎవరికి రాసిన ఉత్తరం?' అన్న ప్రశ్నకు వారు ఆ రాత్రి తమ పద్ధతిలో సమాధానం చెప్పారు.

2009 చివరలో తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా లేచినప్పుడు మేము రెండో తరగతి పిల్లలం. ఆర్ట్స్ కాలేజీ ముందు సభల సంగతి అన్నలు చెబితే విన్నాం. గద్దర్, గూడ అంజయ్య, గోరటి వెంకన్న, అందెశ్రీల పాటలు ఊళ్ల నుంచి క్యాంపస్‌కు, క్యాంపస్ నుంచి ఊళ్లకు తిరిగాయి. మా నాయినలు ఉపన్యాసాలు చదవలేదు, పాటలు విన్నారు. బడి చదువు లేని, తాపీ పని చేసిన అందెశ్రీ రాసిన పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. పాట చదువుకున్నవారికీ చదువు లేనివారికీ మధ్య వంతెన అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

గబ్బిలం మోసిన కబురు

కవిత ఉత్తరం వంటిదని చెప్పడానికి మన సాహిత్యంలో అన్నిటికంటే గొప్ప ఉదాహరణ గుర్రం జాషువ (1895–1971) రాసిన 'గబ్బిలం'. దీని మొదటి భాగం 1941లో వచ్చింది. పరీక్షల కోసం 'సందేశ కావ్యం' అని ఒక్క మాటలో బట్టీ పట్టి వదిలేస్తాం. కొంచెం ఆగి చూద్దాం.

సందేశ కావ్యాలకు మూలం కాళిదాసు 'మేఘదూతం'. అందులో యక్షుడు దూరమైన భార్యకు మేఘం ద్వారా కబురు పంపుతాడు. జాషువ కావ్యంలో కబురు పంపేవాడు అంటరానివాడని ఊరు బయటికి నెట్టిన పేదవాడు. పంపేది కాశీలో ఉన్న శివుడికి. మోసేది గబ్బిలం.

గబ్బిలమే ఎందుకు? హంసను పంపవచ్చు, చిలుకను పంపవచ్చు. కానీ అతడికి గుడిలోకి పోయే దారి కావాలి. మనిషైన తనకు గుడి తలుపు మూసి ఉంది. అశుభమని అందరూ తరిమే గబ్బిలం మాత్రం గర్భగుడి కప్పుకు వేలాడగలదు. పూజారి దగ్గర లేని సమయం చూసి శివుడి చెవిలో చెప్పమని అతడు గబ్బిలాన్ని బతిమాలుతాడు. ఎదురుగా నిలబడి అడిగే హక్కు లేనివాడు కవితను దూతగా పంపాడు. నోరు తెరిచి చెప్పలేని మాటకు దారి వెతకడంలోనే కవిత్వం పుడుతుందని మాకు ఈ కావ్యం చదివాక తెలిసింది.

మరి జవాబు వచ్చిందా? శివుడి దగ్గర నుంచి వచ్చిందో లేదో గాని, తర్వాతి తరాల నుంచి వచ్చింది. ఎండ్లూరి సుధాకర్ (1959–2022) 'కొత్త గబ్బిలం' రాశారు. స్త్రీల కవితలు 'నీలిమేఘాలు' (1993)గా, దళిత కవితలు 'చిక్కనవుతున్న పాట' (1995)గా, ముస్లిం కవితలు 'జల్‌జలా' (1998)గా సంకలనాలై వచ్చాయి. ఒకరి ఉత్తరం చదివి 'మాదీ ఇదే గోస' అని ఇంకొకరు రాసిన జవాబుల్లాగా ఇవి మాకు కనిపిస్తాయి. వీటిలో చాలా కవితలు రాసేనాటికి కవులు యువకులే, యువతులే. మన యూనివర్సిటీ లైబ్రరీలో అడిగి చదవండి.

తాటాకు నుంచి స్టేటస్ దాకా

ఇక మాధ్యమం సంగతి. వేమన పద్యాలు చాలాకాలం జనం నాలుకల మీద, తాటాకుల మీద బతికాయి. సి.పి. బ్రౌన్ వాటిని సేకరించి 1829లో అచ్చు వేయించాడు. చిన్న పద్యం, తేలిక మాట, గుర్తుండే మకుటం. జ్ఞాపకమే మాధ్యమమైన రోజుల్లో ఈ మూడూ ఉన్న కవితే దూరం పోగలిగింది.

వేమన మీద ఉస్మానియాలో పరిశోధన చేసిన ఆచార్య ఎన్. గోపి 1997లో 'నానీలు' అనే ప్రక్రియను మొదలుపెట్టారు. నాలుగు పంక్తులు, 20 నుంచి 25 అక్షరాలు, అంతే. తర్వాత ఎందరో యువకవులు నానీలతోనే కవిత్వంలో అడుగుపెట్టారు.

సరిగ్గా ఆ తర్వాతి కాలంలోనే సెల్‌ఫోన్ వచ్చింది. మా అన్నల తరం ఎస్సెమ్మెస్‌లలో కవితలు పంపుకునేది. ఎక్కువమంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశారు. చాలా ఫోన్లలో తెలుగు లిపి లేకపోవడం ఒక కారణం, చోటు చాలకపోవడం ఇంకో కారణం. ఒక ఎస్సెమ్మెస్‌కు ఉండే చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో ఒక్కో గుర్తుకు 16 బిట్లు కావాలి కాబట్టి 70 మాత్రమే పడతాయి. పైగా 'త్వం' అన్నది మనకు ఒక్క అక్షరం. ఫోను మాత్రం దాన్ని త, పొల్లు, వ, సున్న అని నాలుగుగా లెక్కపెడుతుంది.

మా ముగ్గురిలో ఒకరు డిగ్రీ పట్టా అందుకున్న రోజు రాసుకున్న నానీ ఇది.

అమ్మ సంతకం
వేలిముద్రే
నా డిగ్రీ పట్టాలో
ప్రతి అక్షరం ఆమెదే

లెక్కపెట్టండి. మన లెక్కలో 23 అక్షరాలు. ఫోను లెక్కలో ఖాళీలతో కలిపి 58. అంటే 70లోపే. నానీ ఒక్క రూపాయి ఎస్సెమ్మెస్‌లోనూ పట్టేదన్నమాట! నానీలను ఫోన్ల కోసం కనిపెట్టలేదు. కానీ తక్కువ చోటులో ఎక్కువ చెప్పే విద్య ఏ కాలంలోనైనా పనికొస్తుందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇప్పుడు చోటు కొరత లేదు. వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ రీల్, యూట్యూబ్, ఏదైనా ఉచితమే. తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చొని రాసిన కవిత మెట్రో నాగోల్ చేరేలోపు వందమందికి చేరుతుంది. కానీ స్టేటస్ 24 గంటల్లో మాయమవుతుంది. ఎంతమంది చూశారో లెక్క కనిపిస్తుంది, ఎంతమందికి అర్థమైందో కనిపించదు. చూడటాన్నే అందుకోవడం అనుకోవడం మా తరం చేస్తున్న పొరపాటు.

ట్రంకు పెట్టె కవిత

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వస్తాం. రెండేళ్ల క్రితం మన హాస్టల్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక తమ్ముడు దసరా సెలవులకు రెండు రోజుల ముందు తన స్టేటస్‌లో ఈ నాలుగు పంక్తులు పెట్టాడు. పేరు వేయవద్దన్నాడు గాని కవిత వేసుకోమన్నాడు.

అందరికీ తర్వాతి స్టేషన్
ఆర్ట్స్ కాలేజ్
నా ట్రంకు పెట్టెకు మాత్రం
మా ఊరు

హాస్టల్ అంతా చూసింది. మేమూ చూశాం. పండుగకు ఇంటికి పోయే సంబరం అనుకున్నాం. ఒకరం గులాబీ బొమ్మ పెట్టాం, ఒకరం రెండు చేతుల దండం బొమ్మ పెట్టాం, ఒకరం 'సూపర్ తమ్మీ' అని రాశాం. సెలవులు అయిపోయాయి. అందరూ వచ్చారు, అతను రాలేదు. పది రోజులు చూసి ఫోన్ చేశాం.

"ఏంది తమ్మీ, ఇంకా రాలేదు?"

"నేను రానన్నా. పోయేముందే చెప్పిన గద."

"ఎప్పుడు చెప్పినవ్?"

"స్టేటస్‌ల పెట్టిన గదన్నా. నువ్వు దండం గూడ పెట్టినవ్."

ఫోను పట్టుకున్నవాడికి నోట మాట రాలేదు. ఆ రాత్రి ముగ్గురం ఆ నాలుగు పంక్తులు మళ్లీ చదివాం. సెలవులకు పోయేవాడు భుజానికి బ్యాగు వేసుకొని పోతాడు. ట్రంకు పెట్టె కదిలిందంటే గది ఖాళీ చేసినట్టే. ఐదో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగిన మాకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కవితలో ఆ ఒక్క మాట కోసమే మిగతా మాటలన్నీ ఉన్నాయి. అతను చదివేది సికింద్రాబాద్ వైపు కాలేజీలో అయినా డిగ్రీ తర్వాత ఆర్ట్స్ కాలేజీలో పీజీ చేయాలన్నది అతని కోరిక. 'తర్వాతి స్టేషన్' అంటే ఆ తర్వాతి చదువు. నాలుగు పంక్తుల్లో అంత స్పష్టంగా చెప్పాడు. మేము బొమ్మలు పెట్టాం.

అతని నాయిన బిల్డింగు పనిలో పరంజా మీద నుంచి పడి నడుము విరిగింది. ఇంట్లో చెల్లె ఇంటర్ చదువుతోంది. పెద్దకొడుకుగా పనికి పోవడమే దారి అని తనే నిశ్చయించుకున్నాడు. ఎందుకు నోటితో చెప్పలేదని తర్వాత అడిగాం. "చెప్తే ఏడుపొస్తదన్నా. రాస్తే రాలే" అన్నాడు. ఎన్ని పుస్తకాల్లో నిర్వచనాలు చదివినా కవిత్వం ఎందుకు పనికొస్తుందో మాకు ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

మాలో ఇద్దరం వాళ్ల ఊరికి పోయాం. అప్పటికే పత్తి మిల్లులో పనికి కుదిరాడు. చదువు మానేస్తున్నట్టు నాయినకు కూడా సరిగా చెప్పలేదు, సెలవులు పొడిగించారని చెప్పాడు. మంచంలో ఉన్న ఆ పెద్దాయన "నా నడుము ఇరిగింది గాని, వాని సదువు నడుము ఎందుకు ఇరగాలె బిడ్డా" అన్నాడు. అప్పటికప్పుడు రావడం కుదరలేదు. పరీక్ష ఫీజు గడువు దాటింది, హాజరు తక్కువ పడింది. మరుసటి ఏడాది మళ్లీ చేరాడు. ఆ ఫీజు మన పూర్వ విద్యార్థి ఒకరు కట్టారు. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మొత్తానికి అతనికి ఒక ఏడాది పోయింది. ఆ నష్టంలో మా వంతు ఉంది. స్టేటస్ చూసిన రోజే పక్క గదికి పోయి "పెట్టె ఎందుకు సర్దుతున్నవ్ తమ్మీ?" అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఎడమ పేజీ – కుడి పేజీ

ఆ తర్వాత మన రీడింగ్ రూమ్‌లో ఒక లాంగ్ నోటుబుక్కు దారంతో కట్టి వేలాడదీశాం. ఎడమ పేజీలో ఎవరైనా కవిత రాయవచ్చు. పేరు రాయాలన్న నియమం లేదు. కుడి పేజీ జవాబు కోసం ఖాళీగా వదలాలి. 'బాగుంది', 'సూపర్' అని రాయకూడదు. అదొక్కటే కట్టుబాటు. ఇప్పటికి రెండు నోటుబుక్కులు నిండాయి. మూడోది నడుస్తోంది. దాన్ని చూసుకునేది ఆ ట్రంకు పెట్టె తమ్ముడే.

అందులో నుంచి రెండు ఉదాహరణలు. రాసినవారి అనుమతితోనే ఇస్తున్నాం. ఎడమ పేజీలో ఒకరు ఇలా రాశారు.

పప్పులో నా ముఖం
స్పష్టంగా కనిపిస్తోంది
అద్దం కొనే ఖర్చు తప్పింది

దీన్ని వంట మాస్టర్ చదివించుకొని విన్నాడు. నవ్వాడు. మర్నాడు పప్పు చిక్కగా వచ్చింది. కుడి పేజీలో ఆయన చెప్పగా ఒక తమ్ముడు రాసిన జవాబు: "అద్దం తీసేసిన. ఇగ దువ్వెన జేబుల పెట్టుకో." ఈ విషయంలో మేము ఇంతకుముందు అర్జీ కూడా ఇచ్చి ఉన్నాం. అర్జీతో కానిది మూడు పంక్తులతో అయింది.

రెండోది ఇంజనీరింగ్‌లో కొత్తగా చేరిన తమ్ముడిది.

క్లాసులో ఇంగ్లీషు వాన
నా దగ్గర తెలుగు గొడుగు
నిలువెల్లా తడిసిపోయాను

కుడి పేజీలో ఒక సీనియర్ ఇలా రాశాడు.

మేమూ తడిసినవాళ్లమే
రాత్రి ఎనిమిదింటికి రీడింగ్ రూమ్‌కు రా
కలిసి ఆరబెట్టుకుందాం

మొదటి రాత్రి వచ్చింది ఒక్కడే. వారం తిరిగేసరికి బల్ల చుట్టూ కుర్చీలు చాలలేదు. ఇప్పుడు ఎనిమిదింటి నుంచి తొమ్మిదింటి దాకా నడుస్తున్న ఇంగ్లీషు తరగతి అలా పుట్టిందే. అదే తమ్ముడు ఎవరి దగ్గరికైనా పోయి 'నాకు ఇంగ్లీషు రాదు' అని చెప్పగలిగేవాడా? మా అనుభవం ప్రకారం చెప్పలేడు. సిగ్గు అడ్డం వస్తుంది. కవిత ఆ సిగ్గును పక్కకు జరిపింది.

తమ్ముళ్లకు కొన్ని సూచనలు

రాసేవారికి: మీ గదిలో, మీ ఊళ్లో ఉన్న వస్తువు పేరు ఒకటి కవితలో ఉండేలా చూసుకోండి. చంద్రుడు, వెన్నెల, గుండె గాయం అందరూ రాస్తారు. ట్రంకు పెట్టె మీరే రాయగలరు. ఎవరికి చెబుతున్నారో మనసులో పెట్టుకొని రాయండి. ఛందస్సు తెలియదని, అచ్చుతప్పులు వస్తాయని వెనుకాడవద్దు. మీ యాసలో రాయండి. ఎక్కడో దొరికిన ప్రేమ విఫల కవితను మీ పేరుతో పెట్టకండి. ఇప్పుడు కంప్యూటర్‌ను అడిగినా క్షణంలో కవిత రాసిస్తుంది. అది చక్కగానే ఉండవచ్చు, కానీ మీ ఇంటి కబురు దానికి ఎలా తెలుస్తుంది?

చదివేవారికి: ముందు రెండుసార్లు చదవండి. కొత్తగా, వింతగా తోచిన మాట దగ్గర ఆగి 'ఈ మాట ఎందుకు వచ్చింది?' అని ఆలోచించండి. అర్థం కాకపోతే రాసినవాణ్నే అడగండి. పదిమందిలో అడగకండి, టీ తాగడానికి తీసుకుపోయి అడగండి. ఒకరి కవితను ఫోటో తీసి గ్రూపుల్లో తిప్పకండి. నమ్మి ఇచ్చిన ఉత్తరాన్ని బజారులో చదివినట్టే అవుతుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. దుఃఖం ఉన్న ప్రతి కవితా ప్రమాద సూచిక కాదు. రాసుకొని తేలికపడేవాళ్లే ఎక్కువ. కానీ ఎవరైనా చావు గురించో, ఎవరికీ కనిపించకుండా పోవడం గురించో రాస్తే దాన్ని కవిత్వ చమత్కారం అనుకొని వదిలేయకండి. వెంటనే వాళ్ల గదికి పోండి, ఒంటరిగా వదలకండి, వార్డెన్ సారుకు చెప్పండి. ప్రభుత్వ 'టెలి మానస్' నంబరు 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ పని నోటుబుక్కు చేయలేదు.

ముగింపు

కవిత్వం వల్ల ఉద్యోగం రాదు, ఫీజు మాఫీ కాదు అని మాతో కొందరు మిత్రులు వాదిస్తుంటారు. నిజమే. ట్రంకు పెట్టె తమ్ముణ్ని మళ్లీ చదువులోకి తెచ్చింది కవిత ఒక్కటే కాదు. బస్సు చార్జీ పెట్టుకొని పోయిన మనుషులు, ఫీజు కట్టిన అన్న, మంచంలో ఉండి కూడా చదువుకోమన్న నాయిన. కానీ వీళ్లందరికీ కబురు చేర్చవలసిన దారి ఆ నాలుగు పంక్తులే. ఆ దారిని మేము ఆలస్యంగా గుర్తించాం. మీరు గుర్తించాలనే ఈ వ్యాసం.

ఈ మార్చితో మేము ముగ్గురం గది ఖాళీ చేస్తున్నాం. మా ట్రంకు పెట్టెలూ కదులుతాయి. నోటుబుక్కు మాత్రం దారానికే ఉంటుంది. అన్నలు ఎప్పుడైనా సీతాఫల్‌మండి వైపు వస్తే రీడింగ్ రూమ్‌కు వచ్చి ఒక కుడి పేజీ నింపి పోవాలని మనవి. ఈ వ్యాసం కింద అర పేజీ ఖాళీగా వదలమని సంపాదక వర్గాన్ని అడిగాం. అది మీరు అందుకోవడానికే.